కాలువ గట్టుకు కానుగ: నాటే తీరు, దాని మీద బతికే ప్రాణులు

గోదావరి డెల్టాలో కాలువ గట్టుకో, పెరటి హద్దుకో ఒక్క చెట్టునే ఎంచుకోవలసి వస్తే నేను కానుగనే సూచిస్తాను. ఇది మన నేలలో పుట్టిన చెట్టు. వేళ్లు కొంతకాలం నీటిలో నానినా తట్టుకుంటుంది, సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లోనూ ఎదుగుతుంది, ఆకు చేదు కనుక పశువులు మొక్కను అంతగా ముట్టవు.

కానుగ ఆకు రాల్చే చెట్టే అయినా బోసిగా కనిపించేది కొద్ది రోజులే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాత ఆకు రాలగానే నిగనిగలాడే ఎర్రని చిగురు వేస్తుంది. ఆ చిగురు లేత పచ్చగా మారుతూ ఉండగానే వంగపండు ఛాయ కలిసిన తెల్లని పూలు గుత్తులుగా వస్తాయి.

ఒక పువ్వును దగ్గరగా చూడండి. చిక్కుడు పువ్వులా ఉండే దానిలో కింది రేకులు కేసరాలను బిగించి పట్టుకొని ఉంటాయి. బరువైన తుమ్మెద వాలి తేనె కోసం తల దూర్చగానే ఆ రేకులు కిందికి జారి, కేసరాలు ఒక్కసారిగా పైకి లేచి, పుప్పొడి దాని పొట్టకు అంటుకుంటుంది. ఉదయం పూట చెట్టు కింద నిలబడితే తేనెటీగల రొద స్పష్టంగా వినిపిస్తుంది.

విత్తనానికి గోధుమ రంగుకు తిరిగిన కాయలను వేసవిలో ఏరుకోవాలి. కాయ తనంత తాను పగలదు కనుక చిన్న సుత్తితో అంచు మీద మెల్లగా కొట్టి గింజ తీయాలి. సాధారణంగా కాయకు ఒకటే ఉంటుంది. గింజలను రాత్రంతా నీటిలో నానబెట్టి, మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపిన సంచుల్లో రెండు సెంటీమీటర్ల లోతున పెట్టాలి. నిల్వ ఉన్న గింజ కన్నా ఆ ఏటి గింజే మేలు. మొక్క రెండడుగులు ఎదిగాక, తొలకరి పడిన తరువాత, అడుగున్నర గోతిలో నాటండి. వేళ్లు పక్కలకు బాగా పాకి పిలకలు కూడా వేస్తాయి కనుక గోడకు, మరుగుదొడ్డి గుంటకు కనీసం 15 అడుగుల దూరం ఉంచాలి. తొలి పూత కోసం నాలుగైదేళ్లు ఓపిక పట్టక తప్పదు.

వరి దమ్ముకు పచ్చిరొట్టగా కానుగ రొట్ట కొట్టడం మన రైతులకు పాత అలవాటే. అయితే చెట్టంతా ఒకే ఏడు మోడు చేస్తే ఆ ఏటి పిందెలన్నీ పోతాయి. సగం కొమ్మలు ఈ ఏడు, తక్కిన సగం వచ్చే ఏడు కొట్టుకోవచ్చు.

ఇక చాలామందిని కంగారు పెట్టేది గొంగళిపురుగు. రెక్కల అడుగున తెల్లని పట్టీ ఉండే ఒక గోధుమరంగు సీతాకోకచిలుక ఈ చెట్టు లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు ఆకును మడిచి దానిలో దాగి తింటాయి. కొన్నేళ్లు అవి చిగురంతటినీ తినేయవచ్చు. అయినా మందు కొట్టకండి. ఎదిగిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది, పురుగులను పక్షులు ఏరుకుంటాయి, మందు మాత్రం పూల మీదికి వచ్చే తేనెటీగలను కూడా చంపుతుంది. ఆకుల మీద బొడిపెలు కనిపిస్తే అవి కంటికి ఆనని నల్లి పని. పెద్ద చెట్టుకు వాటితో ప్రమాదం లేదు, చిన్న మొక్కలకైతే ఆ ఆకులను తుంచి పారేస్తే సరిపోతుంది.