పండగ గారెలు నూనె పీల్చకుండా రావాలంటే

గారెలు నూనె తాగేస్తున్నాయంటే చాలావరకు తప్పు పిండిలో నీళ్లదే. పావు కిలో మినప్పప్పు నాలుగు గంటలు నానితే చాలు, మధ్యరకం గారెలు 20 దాకా వస్తాయి. రాత్రంతా నానిన పప్పు నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది, పిండి జారవుతుంది.

నానిన పప్పును జల్లెడలో వేసి పది నిమిషాలు నీళ్లు కారిపోనివ్వండి. మిక్సీలో అయితే కొద్దికొద్దిగా వేసి, చల్లటి నీళ్లు చెంచా చెంచాగా చిలకరిస్తూ రుబ్బండి. మొత్తం మీద ఐదారు చెంచాలు దాటనివ్వకండి. జార్ వేడెక్కితే ఆపి, కాసేపాగి మళ్లీ తిప్పండి. తర్వాత పిండిని చేత్తో ఒకే వైపుకి మూడు నాలుగు నిమిషాలు గిలకొట్టండి. గారె గుల్లగా రావడానికి అసలు కిటుకు ఇదే, దీన్ని మాత్రం వదలొద్దు. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే తేలాలి.

ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు సరిగ్గా గారెలు వేసే ముందు పిండిలో కలపండి. చాలాసేపటి ముందే వేస్తే నీరూరుతుంది. అప్పటికే జారైపోతే రెండు చెంచాల బియ్యప్పిండి సర్దుతుంది, అంతకు మించితే గట్టిపడతాయి.

నూనెలో వేసిన పిండి చుక్క వెంటనే పైకి రావాలి, కానీ మాడకూడదు. మూకుడులో ఒకేసారి నాలుగైదుకు మించి వేస్తే నూనె చల్లబడి గారెలు పీల్చేస్తాయి. మధ్యలో చిల్లు పెద్దదిగా పెట్టండి, లేకపోతే లోపల పచ్చిగా ఉండిపోతుంది. చుట్టాలు విడతలుగా వస్తుంటే ఉప్పు కలపని పిండిని ఫ్రిజ్‌లో ఉంచి, విస్తళ్లు వేసేటప్పుడు వేడివేడిగా వేయండి.