న్యూయార్క్ డెలి వంటలు, 4వ పాఠం: నీళ్లు తెల్లబడితే పారబోయకండి

ఈ వారం రై బ్రెడ్ (రై అనే ధాన్యపు పిండితో చేసేది) మొదలుపెట్టాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి హాఫ్ సవర్ దోసకాయలు, అంటే ఉప్పునీళ్లలో సగం పులుపెక్కేదాకా ఊరబెట్టేవి, పెట్టినవాళ్లలో చాలామంది మూడో రోజుకే సీసా తీసుకెళ్లి సింకులో ఖాళీ చేశారు. అందరిదీ ఒకటే మాట: "నీళ్లు తెల్లగా అయిపోయాయండీ, పాడైందనుకున్నాం."

పాడవలేదు, అప్పుడే ఊరడం మొదలైంది. ఇడ్లీ పిండిని పులియబెట్టే రకం బాక్టీరియానే ఈ ఉప్పునీళ్లలోనూ పనిచేస్తుంది. దోసకాయలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. నీళ్లు తెల్లబడడం, సన్నటి బుడగలు రావడం, అడుగున తెల్లటి మడ్డి చేరడం అన్నీ దాని గుర్తులే. పైన పల్చటి తెల్లటి పొర కడితే చెంచాతో తీసేయండి. రంగురంగుల బూజు పట్టినా, కాయ జిగటగా మారినా, కుళ్లు వాసన వచ్చినా మాత్రం మొత్తం పారేయాలి.

కొందరు భయపడి వెనిగర్ పోశారు. దయచేసి పోయకండి. మొదట్లోనే వెనిగర్ పడితే ఆ బాక్టీరియాకు పనే ఉండదు. న్యూయార్క్ హ్యూస్టన్ స్ట్రీట్‌లోని పాతకాలపు కాట్జ్ డెలిలో (డెలి అంటే మాంసం శాండ్‌విచ్‌లు అమ్మే హోటల్) పాస్ట్రమి, అంటే మసాలా పట్టించి పొగబెట్టిన గొడ్డుమాంసం, శాండ్‌విచ్ పక్కన రెండు రకాల దోసకాయలు పెడతారు. పచ్చగా మెరిసేది హాఫ్ సవర్, ఆలివ్ రంగుకు తిరిగింది ఫుల్ సవర్, అంటే పూర్తిగా ఊరింది. పాస్ట్రమిలో కొవ్వు ఎక్కువ. రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది, ఈ పులుపు కొరికితే మళ్లీ తినాలనిపిస్తుంది. కోషర్ నియమం, అంటే యూదుల ఆహార నియమం, పాటించే డెలిలో మాంసం పక్కన పాలు, పెరుగు, చీజ్ ఏవీ రాకూడదు కాబట్టి పులుపు బాధ్యత ఎక్కువగా ఈ కాయదే.

ఇక ఉప్పు. నేను గ్రాముల్లో చెప్పాను, సగంమంది చెంచాతో కొలిచారు. ఇక్కడే నాకు నిజంగా కోపం వస్తుంది. ఒక్క టేబుల్‌స్పూన్ డైమండ్ క్రిస్టల్ బ్రాండు కోషర్ ఉప్పు (పెద్ద పలుకుల ఉప్పు) దాదాపు 10 గ్రాములు తూగుతుంది. అదే చెంచాతో మార్టన్ బ్రాండు కోషర్ ఉప్పు తీస్తే దాదాపు 15 గ్రాములు ఉంటుంది. మామూలు మెత్తటి ఉప్పయితే 18 దాకా ఉంటుంది. లీటరు నీళ్లకు మూడున్నర చెంచాలు వేశారనుకోండి: మొదటిదానితో 35 గ్రాములు, అంటే సరిగ్గా హాఫ్ సవర్. రెండోదానితో 50 దాటి ఫుల్ సవర్ లెక్కలోకి పోతుంది. మూడోదానితో 60 దాటి నోట పెట్టలేని ఉప్పు. కాయ అదే, చెంచా అదే, ఉప్పు డబ్బా ఒక్కటే మారింది. రాళ్లుప్పుకైతే చెంచా లెక్క అసలు నిలవదు. కిచెన్ స్కేల్ కొనండి. అది లేకుండా ఈ పాఠాల్లో ముందుకు వెళ్లొద్దు, రై బ్రెడ్‌కీ అదే కావాలి.

కాయ మెత్తబడిందన్నవాళ్లు పువ్వు వైపు కొస కోశారా? తొడిమకు ఎదురు చివర అది. అక్కడుండే ఎంజైములు కాయను మెత్తబరుస్తాయి, పల్చగా ఒక చక్రం కోసి పడేస్తే చాలు. ఊరబెట్టడానికి వాడే కిర్బీ రకం దోసకాయలు దొరక్కపోతే చిన్నవి, గట్టివి, మైనం పూత లేనివి చూసుకోండి. మసాలాల్లో వెల్లుల్లి, డిల్ (సోయికూర), ధనియాలు, మిరియాలు చాలు. నేను బే ఆకు వేయను, ఆ వాసన డిల్‌ను తొక్కేస్తుంది. వెల్లుల్లి మాత్రం లీటరుకు ఎనిమిది రెబ్బలు చితక్కొట్టి వేస్తాను. కాయలు నీళ్లలో మునిగే ఉండాలి. సీసా మూత బిగించకండి.

అభ్యాసం: ఒకే రోజు కొన్న కాయలతో రెండు సీసాలు పెట్టండి, లీటరుకు ఒకదాంట్లో 35 గ్రాములు, రెండోదాంట్లో 50. ఎండ తగలని చల్లటి చోట ఉంచి, రెండో రోజు నుంచి రోజూ ఒక్కో సీసాలోంచి ఒక్కో ముక్క కోసి చూడండి. లోపల అంచు అద్దంలా పారదర్శకంగా మారుతూ మధ్యలో ఇంకా తెల్లగా ఉన్నప్పుడే మొదటి సీసాను ఫ్రిజ్‌లోకి మార్చాలి. నాకైతే నాలుగో రోజు రుచి ఇష్టం. హైదరాబాద్ వేసవిలో పెట్టేవాళ్లు రెండో రోజే ఫ్రిజ్‌కు సిద్ధంగా ఉండండి. రెండో సీసాను లోపలి తెలుపు పూర్తిగా పోయేదాకా కదపకండి, మూడు వారాలు పట్టొచ్చు. ప్రతిరోజూ రంగు, పులుపు, కరకర మూడూ రాసిపెట్టి ఆ కాగితం నాకు పంపండి.