హోలీరూడ్‌లో మీ ప్రశ్న: స్కాట్లాండ్ మంత్రుల చేత లెక్క చెప్పించడం ఎలా

ఆసుపత్రి వెయిటింగ్ లిస్టు ఎందుకు కదలడం లేదు? ఫలానా పథకానికి ప్రకటించిన డబ్బు ఎక్కడికి పోయింది? ఇలాంటి వాటికి స్కాట్లాండ్ మంత్రి చేత అధికారిక రికార్డులో, తేదీతో సహా జవాబు రాయించే దారి ఒకటుంది. పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. గ్లాస్గో, ఎడిన్‌బరా, అబర్దీన్‌లలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఆ దారి తమకూ తెరిచే ఉందని తెలియదు. అక్కడ నివాసం ఉంటే చాలు, మీ తరఫున ప్రశ్న వేయమని ఎడిన్‌బరాలోని హోలీరూడ్‌లో ఉన్న స్కాటిష్ పార్లమెంటు సభ్యుణ్ణి అడగవచ్చు. ఓటు వేశారా లేదా అన్నదానితో పని లేదు. చెల్లే వీసాతో ఉంటున్న భారతీయులకు 16 ఏళ్లు నిండితే స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కూ ఉంది. పేరు నమోదు చేయించుకోకపోతే వెంటనే చేయించుకోండి.

ఒక మాట ముందే. మన దగ్గర ఎంఎస్‌పీ అంటే మద్దతు ధర, అక్కడ ఎంఎస్‌పీ అంటే స్కాటిష్ పార్లమెంటు సభ్యుడు. ఇక్కడ వాడేది ఆ రెండో అర్థంలోనే.

అడిగేది ఎవరి పద్దులోది?

తిరిగొచ్చే ప్రశ్నల్లో చాలా భాగం ఇక్కడే తప్పుతాయి. 1998 నాటి స్కాట్లాండ్ చట్టం ఐదో షెడ్యూలులో లండన్ (అంటే బ్రిటన్ ప్రభుత్వం, పార్లమెంటు) తన దగ్గర ఉంచుకున్న విషయాల జాబితా ఉంది. అందులో లేనివన్నీ ఎడిన్‌బరావే, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వానివే. మన రాజ్యాంగంలో ఏ జాబితాలోనూ లేని అధికారం కేంద్రానికి పోతుంది, అక్కడ అందుకు తలకిందులు.

వీసా రుసుము, ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి, యూనివర్సల్ క్రెడిట్, వ్యాట్ లండన్‌వి. వాటికి వెస్ట్‌మినిస్టర్ (బ్రిటన్ పార్లమెంటు) ఎంపీ దగ్గరికే వెళ్లాలి. ఎన్‌హెచ్‌ఎస్, బడులు, పోలీసు, ఇళ్లు, 2022 ఏప్రిల్ 1న ప్రభుత్వం చేతికొచ్చిన స్కాట్‌రైల్, జీతాల మీద ఆదాయపు పన్ను రేట్లు, స్కాటిష్ చైల్డ్ పేమెంట్ ఎడిన్‌బరావి. వీటికి కింద 32 కౌన్సిళ్లున్నాయి. వీధిలో గుంత, చెత్తబుట్ట, బడిలో టీచరు నియామకం కౌన్సిల్ పని కాబట్టి, వాటి మీద మంత్రిని అడిగితే ‘ఇది స్థానిక సంస్థల విషయం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. అదే గుంత ఎం8, ఏ9 లాంటి ట్రంకు రోడ్డు మీద ఉంటే మంత్రిదే బాధ్యత.

కౌన్సిల్ విషయమైనా మంత్రిని అడగదగ్గ అంశాలు కొన్ని ఉంటాయి: ఆ పనికి ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు ఎంత, దాన్ని ఆ పనికే వాడాలన్న షరతు ఉందా, ఖర్చు నివేదిక ఏ తేదీన అందింది. ఈ కాగితాలు మంత్రి కార్యాలయంలో ఉంటాయి. ఏ ప్రశ్నకైనా ఇదే కీలకం. మంత్రి దగ్గర తప్పక ఉండే లెక్క ఏదో కనుక్కుని, దాని గురించే అడగాలి.

ఎవరిని అడగాలి?

సభలో 129 మంది. నియోజకవర్గాల నుంచి 73, ఎనిమిది ప్రాంతాల నుంచి ఏడుగురి చొప్పున 56. అంటే ప్రతి ఇంటికీ ఎనిమిది మంది ఎంఎస్‌పీలు. పార్లమెంటు వెబ్‌సైటులో పోస్టుకోడు కొడితే పేర్లు వస్తాయి. 2026 మే ఎన్నికలకు సరిహద్దులు మారాయి కాబట్టి పాత పేర్లు నమ్ముకోకుండా మళ్లీ చూసుకోండి.

ఎనిమిది మందికీ ఒకేసారి ఈమెయిల్ పంపకండి. అలా పంపితే ఎవరికి వారు వేరొకరు చూస్తున్నారనుకుంటారు. ఒకరిని ఎంచుకోండి. మీ నియోజకవర్గ సభ్యుడు మంత్రి అయితే సభలో ప్రశ్న వేయలేరు, సభాధ్యక్ష స్థానంలో ఉన్నవారూ అంతే. అప్పుడు ప్రాంతీయ సభ్యులలో ఒకరిని పట్టుకోవాలి. అధికార పక్షం సభ్యులు ప్రశ్న వేసేకంటే మంత్రికి ఉత్తరం రాయడానికి మొగ్గు చూపుతారు. అదేం చెడ్డది కాదు. మీ అమ్మగారి ఆపరేషన్ ఒక్కటే సమస్య అయితే ఉత్తరమే సరైన దారి, ఎందుకంటే సభ ప్రశ్నలో వ్యక్తి పేరు, కేసు వివరాలు పెట్టరు. అదే ఇబ్బంది వందల మందికి ఉందని తోస్తే అప్పుడు ప్రశ్న వేయించాలి.

ఈమెయిల్‌లో పూర్తి చిరునామా, పోస్టుకోడు తప్పకుండా రాయండి. అవి లేకపోతే మీరు ఆ ప్రాంతం వారో కాదో తేల్చుకోవడంతోనే వారం పోతుంది. వైద్య వివరాలుంటే రోగి సంతకంతో అనుమతి పత్రం జత చేయండి. రోగి మీ తల్లే అయినా ఇది కావాలి. మీరే ప్రశ్న ముసాయిదా రాసి పంపితే సభ్యుడి సిబ్బందికి సగం పని తప్పుతుంది, మీ ప్రశ్న ముందు కదులుతుంది.

ప్రశ్న రాయడం

లిఖిత ప్రశ్న మన శాసనసభల్లో నక్షత్ర గుర్తు లేని ప్రశ్న లాంటిది. ఇంగ్లీషులో, ‘టు ఆస్క్ ద స్కాటిష్ గవర్నమెంట్’ అన్న మాటలతో మొదలవుతుంది. సభ్యుడు చాంబర్ డెస్క్‌కు ఇస్తే అక్కడి అధికారులు నిబంధనలకు సరిపోయిందో లేదో చూస్తారు. ప్రశ్న క్లుప్తంగా ఉండాలి. మంత్రుల బాధ్యతలోని విషయమై ఉండాలి. అభిప్రాయం, ఆరోపణ ఉండకూడదు. కోర్టులో నడుస్తున్న కేసు జోలికి పోకూడదు. గత ఆరు నెలల్లో జవాబు వచ్చిన ప్రశ్నే మళ్లీ అడగకూడదు. అందుకే రాయబోయే ముందు పార్లమెంటు వెబ్‌సైటులో ప్రశ్నల విభాగం వెతకండి. మీకు కావలసిన అంకె అక్కడే దొరకవచ్చు.

ఒక ముసాయిదాను దగ్గరగా చూద్దాం. మొదట చాలామంది రాసేది ఇలా ఉంటుంది: ‘లోథియన్‌లో మోకాళ్ల ఆపరేషన్లకు ఇంత దారుణమైన ఆలస్యం ఎందుకు, ప్రభుత్వం ఏం చేస్తోంది?’ ‘దారుణమైన’ అన్నది అభిప్రాయం కాబట్టి డెస్క్ దగ్గరే ఆగుతుంది. ఆ మాట తీసేసినా ‘ఏం చేస్తోంది’ అన్నదానికి మంత్రి తాను చేస్తున్న మంచి పనులన్నీ రెండు పేరాల్లో చెప్పి ముగిస్తారు. అందులో మీకు పనికొచ్చే అంకె ఒక్కటీ ఉండదు.

రెండో ప్రయత్నంలో ‘మోకీలు మార్పిడి కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారు’ అని రాస్తారు. మెరుగే, కానీ పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ వెయిటింగ్ లెక్కలను విభాగాల వారీగా ప్రచురిస్తుంది, ఆపరేషన్ల వారీగా కాదు. మోకీలు అని అడిగితే ‘ఈ సమాచారం కేంద్రంగా లేదు’ (అంటే ప్రభుత్వం దగ్గర ఒకచోట చేర్చి లేదు) అన్న జవాబు రావచ్చు. కాబట్టి లెక్క ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే అడగాలి: ‘ఎన్‌హెచ్‌ఎస్ లోథియన్‌లో ఆర్థోపెడిక్స్ విభాగంలో, ఇన్‌పేషెంట్ లేదా డే కేస్ చికిత్స కోసం 52 వారాలకు మించి ఎదురుచూస్తున్నవారు 2023, 2024, 2025 మార్చి 31 నాటికి ఎంతమంది, ఏ ఏటికి ఆ ఏడు విడిగా.’ డే కేస్ అంటే చేరిన రోజే ఇంటికి పంపే చికిత్స. మార్చి 31 ఎందుకంటే త్రైమాసికం చివరి రోజున లెక్క తీస్తారు కాబట్టి. అవుట్‌పేషెంట్ లిస్టు వేరు, ఈ లిస్టు వేరు. రెండూ కలిపితే ఏ అంకె దేనిదో తేలదు.

దానికి తోడుగా రెండో ప్రశ్న వేరుగా వేయించండి. 2011 నాటి పేషెంట్ రైట్స్ చట్టం ప్రకారం చికిత్సకు రోగి ఒప్పుకున్న నాటి నుంచి 12 వారాల్లో ఇన్‌పేషెంట్ లేదా డే కేస్ చికిత్స మొదలవ్వాలి. ఆ హామీ తప్పుతున్న విషయమై మంత్రి ఆ ఆరోగ్య బోర్డుతో, అంటే ఎన్‌హెచ్‌ఎస్ లోథియన్‌తో, ఏ తేదీల్లో సమావేశమయ్యారో అడగండి. ఒకే ప్రశ్నలో రెండూ కుక్కితే సులువైనదానికే జవాబొస్తుంది.

మరీ సన్నగా కూడా కోయకండి. చిన్న ఊరు, అరుదైన జబ్బు, ఒక్క నెల అని అడిగితే అంకె అయిదు లోపుకు పడిపోయి, రోగి గుర్తు తెలియకూడదని దాని స్థానంలో నక్షత్రం పెట్టి పంపుతారు.

డబ్బు గురించి అడిగేటప్పుడు

ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి. బడ్జెట్ సాధారణంగా డిసెంబరులో వెలువడి, ఫిబ్రవరిలో ఆమోదం పొందుతుంది. ఆ తర్వాత శరదృతువులో ఒకసారి, వసంతంలో ఒకసారి సవరిస్తారు. కాబట్టి ‘ఎంత ఖర్చు పెట్టారు’ అని ఊరికే అడిగితే పెద్దగా కనిపించే అంకె ఏదో అదే చేతికొస్తుంది. మన బడ్జెట్ పుస్తకాల్లో లాగే బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు మూడూ పక్కపక్కన అడగండి. రెవెన్యూ, మూలధనం విడదీయమనండి. ఏళ్ల మధ్య పోల్చాలంటే ధరల పెరుగుదల తీసేసి ఫలానా ఏటి ధరల్లో చెప్పమనాలి.

ఇంకో మెలిక ఉంది. సంవత్సరం మధ్యలో డబ్బు ఒక శాఖ నుంచి మరో శాఖకు మారుతుంది. ఆరోగ్య పద్దులో ప్రకటించిన సోషల్ కేర్ సొమ్ము తర్వాత కౌన్సిళ్ల పద్దులో తేలుతుంది. రెండో ఏడు కౌన్సిళ్లకు ‘పెంపు’ అని చెప్పినప్పుడు అందులో ఈ బదిలీ ఎంతో అడగాలి. బడ్జెట్ పత్రాలతో పాటు వచ్చే లెవెల్ 4 పట్టికలు తెరిచి, మీ పథకం పేరు ఏ వరుసలో ఉందో చూసి, ఆ వరుస పేరునే ప్రశ్నలో వాడండి. ఆ పేరు వాడితే ‘ఏ పద్దో తెలియడం లేదు’ అని తప్పించుకోలేరు.

బడ్జెట్ బిల్లుకు సవరణలు పెట్టే హక్కు ప్రభుత్వానికే ఉంది, మామూలు సభ్యులకు లేదు. కనుక డబ్బు గురించిన ప్రశ్నలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వేయించాలి. కమిటీలు కూడా బడ్జెట్‌కు ముందే ప్రజల అభిప్రాయాలు అడుగుతాయి.

జవాబు వచ్చాక

లిఖిత ప్రశ్నకు మామూలుగా 10 పనిదినాల్లో జవాబు రావాలి, సుదీర్ఘ విరామంలో వేస్తే 20. జూన్ చివర్లో వేసిన ప్రశ్న వేసవి విరామంలో పడి నెమ్మదిస్తుంది. ఎన్నికలకు సభ రద్దయితే జవాబు రాని ప్రశ్నలు అక్కడికి సమాప్తం, కొత్త సభలో మళ్లీ వేయించుకోవాలి. ప్రతి ప్రశ్నకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆరో సభలో (2021–26) లిఖిత ప్రశ్నలకు ‘ఎస్6డబ్ల్యూ’ తర్వాత అంకెలు. దాన్ని రాసి పెట్టుకోండి, తర్వాతి ప్రశ్న దాని మీదే నిలబడుతుంది.

‘కేంద్రంగా లేదు’ అని వస్తే అక్కడితో వదిలేయకండి. ఆ లెక్క లేకుండా పర్యవేక్షణ ఎలా చేస్తున్నారు, సేకరించే ఉద్దేశం ఉందా అని అనుబంధంగా వేయించండి. మరోవైపు 2002 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం కింద మీరే నేరుగా ఆ ఆరోగ్య బోర్డును అడగండి. మన సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల రుసుము, 30 రోజులు. అక్కడ దరఖాస్తు రుసుము లేదు, 20 పనిదినాలు, ఈమెయిల్ చాలు, అసలు పేరు ఉండాలి. వెతకడానికి 600 పౌండ్లకు మించి ఖర్చవుతుందంటే నిరాకరించవచ్చు, కాబట్టి కాలం, విభాగం తగ్గించి అడగండి. తిరస్కరిస్తే 40 పనిదినాల్లోగా పునఃపరిశీలన కోరాలి, అదీ కాకపోతే స్కాటిష్ సమాచార కమిషనర్.

జవాబులో లింకు మాత్రమే ఇస్తే తెరిచి, మీరడిగిన తేదీకే ఆ పట్టిక ఉందా అని చూడండి. లేకపోతే జవాబు రానట్టే, ఆ సంగతి సభ్యుడికి చెప్పండి.

నోటి ప్రశ్నలు ఎప్పుడు?

చేతిలో అంకె ఉన్నప్పుడే. 2021–26 సభలో గురువారం 11:40కి సాధారణ ప్రశ్నలు, 12 గంటలకు ఫస్ట్ మినిస్టర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ప్రశ్నలు జరిగేవి. సాధారణ ప్రశ్నలు వేసేవారి పేర్లు లాటరీలో తీస్తారు. అసలు ప్రశ్న ముందే ప్రచురిస్తారు, సిద్ధమైన జవాబు వస్తుంది. పట్టు ఉండేది అనుబంధ ప్రశ్నలో. మీ సభ్యుడికి అర నిమిషంలో చదవగలిగే రెండు వాక్యాలు పంపండి: మంత్రి ఫలానా సంఖ్య గల జవాబులో ఇచ్చిన అంకె, దానికి పొసగని నేటి మాట. అంతకు మించితే సభాధ్యక్షులు మధ్యలోనే ఆపుతారు.

లోతైన పనికి కమిటీలున్నాయి. పబ్లిక్ ఆడిట్ కమిటీ ఆడిటర్ జనరల్ నివేదికలు ముందు పెట్టుకుని అధికారులను గంటల తరబడి అడుగుతుంది. పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గూసన్ మెరైన్‌కు 2015లో 97 మిలియన్ పౌండ్లకు రెండు ఫెర్రీల కాంట్రాక్టు ఇచ్చారు. 2018లో రావలసిన వాటిలో మొదటిది, గ్లెన్ సానక్స్, 2025 జనవరిలో గానీ ప్రయాణికులను ఎక్కించుకోలేదు. ఎంత ఖర్చయిందన్న ప్రశ్న ఏళ్ల తరబడి సాగింది. అయితే అందరినీ కదిలించింది 2022 మార్చి ఆడిట్ నివేదికలోని ఒక్క మాట: అంత ప్రమాదం ఉన్నా మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో వివరించేందుకు తగిన పత్రాలు లేవు. మీ ప్రశ్నల్లో కూడా ఖర్చు అంకె పక్కన ఈ మూడూ చేర్చండి: నిర్ణయం ఏ తేదీన జరిగింది, ఎవరు ఆమోదించారు, ఏ పత్రం ఆధారంగా.

ఏ సభ్యుడూ ముందుకు రాకపోతే పిటిషన్ వేయవచ్చు. ఒక్క సంతకం చాలు, అది మీదే కావచ్చు. వ్యక్తిగత ఫిర్యాదుకు కాకుండా జాతీయ స్థాయి విధానం మార్పుకే దాన్ని వాడాలి. పాత ప్రశ్నల సంఖ్యలు, వాటికొచ్చిన జవాబులు దానికి జత చేస్తే, మంత్రిని ఇంకా ఏం అడగాలో కమిటీకి మొదటి రోజే తెలుస్తుంది.