ఆస్పత్రి ఇంగ్లిష్ వినడం – 3వ పాఠం: పేషెంట్ మాట మార్చుకున్నప్పుడు

పోయిన పాఠంలో ఓఈటీ (విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్ల వంటివారు రాసే ఇంగ్లిష్ పరీక్ష) లిజనింగ్ మొత్తం ఎలా ఉంటుందో చూశాం. 42 ప్రశ్నలు, మూడు భాగాలు, ఏ ఆడియో అయినా ఒక్కసారే వినిపిస్తారు. నర్సులకైనా, ఫిజియోథెరపిస్టులకైనా, డాక్టర్లకైనా ఇదే పేపరు. ఈ వారం పార్ట్ ఎ ఒక్కటే చూద్దాం. 42 ప్రశ్నల్లో 24 ఇక్కడే ఉన్నాయి కాబట్టి దీనికి రెండు పాఠాలు పెడుతున్నాను.

పార్ట్ ఎలో రెండు సంభాషణలు ఉంటాయి. ఒక్కోటి దాదాపు 5 నిమిషాలు. పేషెంట్ తన బాధ చెబుతుంటే మీ ముందున్న కేస్ నోట్స్‌లో 12 ఖాళీలు నింపాలి. ఆడియో మొదలయ్యే ముందు నోట్స్ చూసుకోవడానికి 30 సెకన్లు ఇస్తారు.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పెద్దాస్పత్రి ఓపీలో పనిచేసిన సిస్టర్‌కి ఇది కొత్త పని కాదు. దేవరకొండ అవతలి పల్లె నుంచి వచ్చిన అవ్వను "ఎప్పటి సంది జరం?" అని అడగండి. "మంగళారం సంది బిడ్డా... మంగళారం గాదు, అంగడి నాటి సంది. ఆ దినమే మా కోడలు పుట్టింటికి వోయింది" అంటుంది. మీరు మంగళవారం అని రాయరు, కోడలి సంగతీ రాయరు. వాళ్ల ఊళ్లో అంగడి ఏ వారమో అడిగి అది రాస్తారు. పార్ట్ ఎలో పరీక్షించేది ఈ నేర్పునే. భాష మారింది కాబట్టి మనకు భయం వేస్తుంది, అంతే.

ఇంగ్లిష్ పేషెంట్ కూడా అవ్వలాగే మాట మార్చుకుంటుంది. ఈ ముక్క ఎవరితోనైనా మామూలు వేగంతో చదివించుకుని వినండి (ఇందులో జీపీ అంటే ఫ్యామిలీ డాక్టర్):

"ఇట్స్ మై లెఫ్ట్ నీ. ఇట్ స్టార్టెడ్ అబౌట్ ఎ మంత్ ఎగో... నో, ఐ టెల్ ఎ లై, మోర్ లైక్ సిక్స్ వీక్స్. ఇట్స్ ఎ డల్ ఏక్ మోస్ట్ ఆఫ్ ద టైమ్, బట్ గోయింగ్ అప్ ద స్టెయర్స్ ఇట్స్ రియల్లీ షార్ప్. ద జీపీ పుట్ మీ ఆన్ ఐబ్యూప్రోఫెన్, బట్ ఇట్ గేవ్ మీ ఎన్ అప్‌సెట్ స్టమక్, సో ఐ స్టాప్డ్."

నోట్స్‌లో ఖాళీలు మూడు అనుకుందాం: నొప్పి మొదలై ఎన్నాళ్లు, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి ఎలా ఉంటుంది, ఐబ్యూప్రోఫెన్ ఎందుకు ఆపేశారు. మొదటి ఖాళీలో "ఎ మంత్" అని రాసినవాళ్లు తొందరపడ్డారు. "ఐ టెల్ ఎ లై" అంటే అబద్ధం చెబుతున్నానని కాదు, మన అవ్వ "గాదు గాదు" అన్నట్టే. "యాక్చువల్లీ", "ఆర్ రాదర్", "నో, వెయిట్" అన్నవీ ఇదే జాతి. ఇవి వినబడితే ముందు రాసింది కొట్టేయడానికి పెన్ను సిద్ధంగా ఉంచుకోండి. రెండో ఖాళీకి "డల్ ఏక్" కూడా వినిపించింది, కానీ అది మామూలు వేళల్లో ఉండే నొప్పి. ప్రశ్న మెట్ల గురించి కాబట్టి జవాబు "షార్ప్". మూడోది "అప్‌సెట్ స్టమక్". విన్న మాటనే రాయండి. దాన్ని "గ్యాస్ట్రైటిస్" చేసి పెద్ద పదం రాయాలనుకోవద్దు.

స్పెల్లింగ్ గురించి మరీ బెంగ పెట్టుకోకండి. ఒక అక్షరం అటూ ఇటూ అయినా, ఏ మాటో స్పష్టంగా తెలుస్తుంటే పార్ట్ ఎలో ఒప్పుకుంటారు.

ఆ 30 సెకన్లలో నోట్స్ అంతా చదవబోతే సగం దగ్గరే ఆగిపోతారు. శీర్షికలు చూడండి, ఆ తర్వాత ప్రతి ఖాళీకి ముందు మాట, వెనక మాట చూడండి. అక్కడ రావలసింది అంకెనా, మందు పేరా, శరీర భాగమా అన్నది ఊహించండి. ఖాళీలు ఆడియో నడిచే వరుసలోనే ఉంటాయి. శీర్షికలు బస్సు దారిలో స్టేజీల లాంటివి. నకిరేకల్ దాటాం అని తెలిస్తే ముందు ఏం వస్తుందో మీకు తెలిసినట్టే.

మొదటిసారి నాకు లిజనింగ్‌లో 330 వచ్చింది. బి గ్రేడ్‌కు 350 కావాలి. ఎక్కడ పోయిందో నాకు బాగా గుర్తుంది. నాలుగో ఖాళీ దగ్గర మందు పేరు అందలేదు. అదేమై ఉంటుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. మళ్లీ చెవి పెట్టేసరికి పేషెంట్ తన ఉద్యోగం గురించి మాట్లాడుతోంది. ఐదు, ఆరు, ఏడు దాటిపోయాయి. అందుకే చెబుతున్నాను, అందని ఖాళీ దగ్గర చిన్న గీత పెట్టి తర్వాతి దానికి వెళ్లిపోండి. ఇది ఇంట్లో అలవాటు చేసుకోకపోతే పరీక్షలో టెన్షన్‌కి చేయి ఆడదు.

ఇక నొప్పి మాటలు. వీటి దగ్గర కాసేపు ఆగుదాం. నొప్పిని మన పేషెంట్లు చెప్పినంత వివరంగా పుస్తకాలు కూడా చెప్పవు. మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్‌తో వచ్చే పెద్దవాళ్ల మాటలు గుర్తు చేసుకోండి. నడుము పట్టేసింది అంటే అక్కడ "స్టిఫ్". "సలుపుతుంది" అన్నది "త్రాబింగ్". పొడిచినట్టు ఉంటే "స్టాబింగ్", మంటగా ఉంటే "బర్నింగ్", పిక్క పట్టేస్తే "క్రాంప్". తిమ్మిర్లకు వాళ్లు "పిన్స్ అండ్ నీడిల్స్" అంటారు. స్పర్శ తెలియకపోతే "నమ్". వచ్చి పోతూ ఉంటే "ఆన్ అండ్ ఆఫ్", "కమ్స్ అండ్ గోస్". "పానం బాగలేదు" అనడానికి "అండర్ ద వెదర్" అంటారు. ఇంగ్లిష్ మాట పక్కన తెలుగు డిక్షనరీ అర్థం కాకుండా, మీ వార్డులో ఆ మాట అన్న మనిషిని గుర్తు పెట్టుకోండి. నాకు "త్రాబింగ్" అనగానే చేతి వేలు పట్టుకుని రాత్రంతా కూర్చున్న ఒక రైతు కనబడతాడు. ఆ మాట మళ్లీ మరిచిపోలేదు.

కొన్ని మాటలు తెలిసినట్టే ఉండి మోసం చేస్తాయి. బ్రిటన్‌లో "సర్జరీ" అంటే ఆపరేషన్ కావచ్చు, ఫ్యామిలీ డాక్టర్ కూర్చునే క్లినిక్ కూడా కావచ్చు. "జ్యాబ్" అంటే ఇంజెక్షన్, ఉద్యోగం కాదు. "వాటర్‌వర్క్స్" మూత్రానికి సంబంధించినది. మనం కాజువాలిటీ అనేదాన్ని వాళ్లు "ఎ అండ్ ఇ" అంటారు. "ఫోర్ట్‌నైట్" అంటే రెండు వారాలు.

చెవికి వచ్చే ఇంకో కష్టం ఒత్తుది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాదాపు సమంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒకచోట ఒత్తి, మిగతాది మింగేస్తారు. "ఫిఫ్టీ"లో ఒత్తు మొదట, "ఫిఫ్టీన్"లో సాధారణంగా చివర. మిల్లీగ్రాముల దగ్గర ఈ తేడా పేషెంట్ ప్రాణానికి సంబంధించినది, పరీక్ష తర్వాతి సంగతి. మాటలు అతుక్కుపోతాయి కూడా. "పుట్ ఇట్ ఆన్" మీకు "పుటిటాన్" అని వినబడుతుంది. వాళ్లు వేగంగా మాట్లాడుతున్నారని అనుకుంటాం కానీ చాలాసార్లు ఈ అతుకులే మనల్ని వెనక్కి నెడతాయి.

ఈ వారం పని. ఓఈటీ వాళ్ల వెబ్‌సైట్‌లో శాంపిల్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. అందులో ఒక పార్ట్ ఎ తీసుకోండి. మొదటి రోజు పరీక్షలాగే ఒక్కసారి విని జవాబులు రాయండి, ఆపకండి. రెండో రోజు ఆ ఆడియోలోని మాటలన్నీ ఉన్న రాతప్రతి ముందు పెట్టుకుని వింటూ, పోయిన ప్రతి మార్కు పక్కన కారణం రాయండి: మాట తెలియదా, అతుకు విడదీయలేకపోయారా, పేషెంట్ మాట మార్చుకుంటే పట్టుకోలేదా, వెనకబడిపోయారా. మూడో రోజు నుంచి రోజూ ఒక్క నిమిషం ఆడియో చాలు, విన్నది మాట పోకుండా రాయండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు మాత్రం వద్దు. నిద్రపోయి లేచాక కూర్చోండి.

ఆ కారణాల కాగితం దాచి ఉంచండి. వచ్చే పాఠంలో రెండో సంభాషణను దాన్ని పక్కన పెట్టుకునే చేద్దాం.