మొదటి కొవ్వొత్తి ముందే అయిపోతోందా?

ఆగమన కాలపు దండ (క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలూ, వారానికో కొవ్వొత్తి అదనంగా వెలిగించే పచ్చటి రెమ్మల చక్రం) ఇంట్లో పెట్టుకునేవాళ్లకు మూడో వారానికల్లా వచ్చే చిక్కు ఇది: మొదటి కొవ్వొత్తి అడుగంటిపోతుంది. నాలుగు వారాలూ వెలిగేది అదే మరి. అందుకే మూడు ఊదా, ఒక గులాబీ కొవ్వొత్తుల్లో మొదటి ఊదాది మాత్రం లావుపాటిది తీసుకోండి. రాత్రి భోజనానికి ముందు, ప్రార్థన వేళ 10 నిమిషాలు వెలిగిస్తే చాలు. ఆ కాసేపూ ఫ్యాన్ ఆపేయండి; గాలికి మైనం ఒకవైపే కారిపోయి ఒత్తి త్వరగా దిగిపోతుంది. గులాబీది మూడో ఆదివారానిది (ఆనంద ఆదివారం), చాలామంది పొరపాటున చివరికి దాచేస్తారు. సరుగుడు రెమ్మలు ఎండితే చటుక్కున అంటుకుంటాయి, ప్రతి శనివారం మార్చండి. తడి ఇసుక పోసిన స్టీలు పళ్లెంలో గుచ్చితే కొవ్వొత్తులు ఒరగవు.