పిల్లలకి గ్లైడర్ల పిచ్చి ఎక్కించడం ఎలా?

మన దగ్గర ఏ పిల్లాడైనా విమానాలంటే ఇష్టమని అన్నాడంటే చాలు, పైలట్ ట్రైనింగ్‌కి ఎన్ని లక్షలవుతాయో లెక్క చెప్పేస్తాం. ఆ మాట పక్కన పెట్టి, గ్లైడర్, అంటే ఇంజన్ లేకుండా గాల్లో తేలే చిన్న విమానం చేయడానికి, ముందు స్టేషనరీ షాపులో ఒక పల్చటి థర్మాకోల్ షీట్ కొనండి.

మూరెడు రెక్క, వెనక చిన్న తోక, మధ్యలో పుల్ల, ముక్కుకి కాస్త క్లే. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి మూడో వంతు లోపల రెండు వేళ్ల మీద ఆనిస్తే గ్లైడర్ సమంగా నిలబడాలి. పొద్దున్నే గాలి లేనప్పుడు కాలనీ గ్రౌండ్‌కి తీసుకెళ్లి, రాయి విసిరినట్టు కాకుండా ముక్కు కొంచెం కిందికి పెట్టి మెల్లగా వదలమనండి. ముక్కెత్తి ఆగి పడిపోతుంటే క్లే పెంచాలి, నేరుగా నేలకి గుద్దుకుంటుంటే క్లే తగ్గించాలి, లేదా తోక వెనక అంచుని కొద్దిగా పైకి వంచాలి. ఒకసారికి ఒక్క మార్పే. అన్నిటికంటే కష్టమైన రూల్ నాన్నలకి: దాన్ని లాక్కుని మీరే సరిచేయొద్దు, వాడినే తిప్పలు పడనివ్వండి, సరదా అంతా అందులోనే ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం డాబా ఎక్కి గద్దల్ని చూపించండి. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటాయి కదా, వేడెక్కిన నేల మీంచి లేచే ఆ గాలినే థర్మల్ అంటారు, ఇంజన్ లేని గ్లైడర్లు కూడా దాన్ని వెతుక్కునే ఎత్తుకి వెళ్తాయి.

కొంచెం పెద్దపిల్లలైతే గాల్లో ఉన్న విమానాల్ని మ్యాప్ మీద చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ ఫోన్‌లో పెట్టండి. శంషాబాద్ రన్‌వేకి ఒక కొస 09, ఇంకో కొస 27, అంటే 09 కొస నుంచి పరిగెత్తే విమానం 90 డిగ్రీల వైపు, తూర్పుకి పోతుంది, 27 నుంచి పరిగెత్తేది 270 వైపు, పడమరకి. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి, యాప్ తెరవకముందే ఈరోజు ఎటు లేస్తాయో చెప్పమని పందెం కట్టండి.

స్కూల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉందేమో అడగండి, అందులో ఏరోమోడలింగ్, అంటే చిన్న మోడల్ విమానాలు చేసి ఎగరేయడం, నేర్పుతారు. బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా అనే విమానాల షో జరుగుతుంది, అది మాత్రం వదలొద్దు. డ్రోన్ కావాలని మారాం చేస్తే 250 గ్రాముల లోపుది చాలు, కానీ విమానాలు దిగే, లేచే బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల ఎగరేయనివ్వకండి.

నిజం గ్లైడర్ నేర్చుకుని లైసెన్స్ తీసుకోవాలంటే 16 ఏళ్లు నిండాలి. మనకి దగ్గర్లో చెప్పుకోదగ్గది పుణే హడప్సర్‌లో డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గ్లైడింగ్ సెంటర్. వెళ్లేముందు ఫోన్ చేసి ఎగురుతున్నాయో లేదో కనుక్కోండి, అంత దూరం పోయి గేటు చూసి రావడం ఎందుకు.