వాటర్‌కలర్ బొమ్మను తపాలా బిళ్ల పక్కకు చేర్చడం ఎలా

మా నాన్నగారు కోనసీమలో ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచారు. నేను రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నేను వేసిన బొమ్మ స్టాంపుతో పాటు కవరెక్కి ఆయన చేతికి చేరాలని ఎప్పటి నుంచో కోరిక. తపాలా శాఖ వారి 'మై స్టాంప్' వల్ల అది తీరింది.

ముందు ఒక విషయం తెలుసుకోండి. ఎవరి గౌరవార్థం స్మారక స్టాంపు విడుదల చేయాలో తపాలా శాఖే నిర్ణయిస్తుంది, అది మన చేతిలో లేదు. 2011లో మొదలైన మై స్టాంప్ వేరు. షీటులో పన్నెండు స్టాంపులుంటాయి. ఒక్కొక్క ఐదు రూపాయల స్టాంపు పక్కనే మనమిచ్చిన బొమ్మ అచ్చవుతుంది. మనుషుల ఫొటోలే కాదు, కళాకృతులు కూడా వేస్తారు. నేను షీటుకు 300 రూపాయలు కట్టాను. ఫారం, గుర్తింపు కార్డు నకలు, బొమ్మ ఇస్తే చాలు. బొమ్మ ఏ రూపంలో కావాలో పెద్ద పోస్టాఫీసులోని ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) కౌంటర్‌లో అడగండి. బొమ్మ మాత్రం మీ సొంతం కావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో చూసి దించింది ఇవ్వకండి.

ఇక అసలు పని. ఇంట్లో ఉన్న మంచి బొమ్మను చిన్నది చేసి ఇచ్చేద్దాం అనుకోవద్దు. నేను మొదట అదే చేశాను. కార్తీక మాసంలో పుష్కర్ ఘాట్, మెట్ల నిండా జనం, నీటి మీద దీపాలు. 22 అంగుళాల కాగితం మీద వారం రోజులు కూర్చుని వేసిన బొమ్మ అది. బిళ్ల సైజుకు వచ్చేసరికి జనం నల్లటి రవ్వలయ్యారు, దీపాలు పసుపు చల్లినట్టు మిగిలాయి. షీటు చేతికొచ్చిన రోజు అన్నం సహించలేదు.

అందుకే బొమ్మను మొదటి నుంచీ బిళ్ల కోసమే వేయాలి. కౌంటర్‌లో నమూనా షీటు చూసి, బొమ్మకిచ్చిన చోటు నిలువుదా అడ్డందా, ఎన్ని మిల్లీమీటర్లు అని స్కేలుతో కొలుచుకోండి. దానికి నాలుగు రెట్లలో వేయండి, అంతకు మించి వద్దు. సాధనకు మన స్మారక స్టాంపుల్లో చాలావాటి కొలత, 39 × 29 మిల్లీమీటర్లు, తీసుకోవచ్చు. నాలుగు రెట్లంటే సుమారు 16 × 12 సెంటీమీటర్లు. అంటే కాగితం మీద మిల్లీమీటరు మందం గీత అచ్చులో పావు మిల్లీమీటరే. సన్నటి కుంచెతో ఆకులూ ఈనెలూ గీస్తే ఆ శ్రమంతా వృథా. సంతకం పెట్టాలనుకుంటే పొడి అక్షరాలు చాలు, అవైనా అర సెంటీమీటరు ఎత్తు ఉండాలి.

బొమ్మలో ఒక్కటే పెద్ద ఆకారం ఉండాలి. అమెరికా తపాలా శాఖ 1963లో, పక్షుల బొమ్మలకు పేరుపడ్డ చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ వేసిన కొలంబియా జే పక్షుల బొమ్మతో ఐదు సెంట్ల స్టాంపు తెచ్చింది. ఆడుబాన్ వేసిన పక్షుల అసలు బొమ్మల్లో ఎక్కువ భాగం వాటర్‌కలర్లే. ఆ స్టాంపులో కొమ్మ మీద రెండు పక్షులు, పొడుగాటి తోకలు, వెనక ఖాళీ. ఆ ఖాళీ వల్లే అంత చిన్న చోట కూడా తోకల వంపు కంటికి ఆనుతుంది. మన దగ్గర చాలామంది పిల్లలు ఆకాశమంతా నీలం పూస్తారు. కాగితం తెలుపును వదలడం నేర్పించడానికే నాకు పదేళ్ల బడి పట్టింది!

రెండోసారి నేను తెరచాప ఎత్తిన నాటు పడవ ఒక్కటే వేశాను. కింద వరద గోదావరి. ఎర్రనీటికి యెల్లో ఓకర్‌లో (మట్టి పసుపు) బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి, పడవ నీడ దగ్గర మాత్రం అల్ట్రామెరైన్ (ముదురు నీలం) చుక్క వేశాను. తెరచాపకు రంగే వేయలేదు, అది కాగితమే. అల్ట్రామెరైన్ ఎక్కువ వాడితే ఎండాక రేణువులుగా విడిపోతుంది. పెద్ద బొమ్మలో ఆ రేణువులు ప్రాణం పోస్తాయి, చిన్నదైతే మురికిలా కనిపిస్తాయి. పల్చటి వాష్‌లు (నీళ్లు ఎక్కువ కలిపి పూసిన రంగు పొరలు) అచ్చులో మాయమైపోతాయి కాబట్టి, మామూలుగా వేసేదాని కన్నా ఒక మెట్టు ముదురుగా వేయండి. కాగితం 300 జీఎస్ఎంది (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుది), నున్నటిది తీసుకోండి. గరుకు కాగితమైతే స్కానర్ వెలుగుకు దాని గుంటల నీడలు కూడా బొమ్మలోకి వస్తాయి.

బొమ్మ పూర్తిగా ఆరాక, ఫోన్‌తో ఫొటో తీయకుండా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించండి. ఒక షాపులో నా బొమ్మను వాళ్లంతట వాళ్లే 'బ్రైట్' చేసి ఇచ్చారు, ఎర్రనీరు నారింజ రంగైపోయింది. రంగులు ముట్టుకోవద్దని ముందే చెప్పండి. ఆ స్కాన్‌ను స్టాంపు పక్కన అచ్చయ్యే చిన్న కొలతలోనే మామూలు కాగితం మీద ప్రింట్ తీయించి, చేయి చాచినంత దూరంలో పెట్టి, బొమ్మ గురించి తెలియని వాళ్లకు చూపించండి. మా పక్కింటి పాప చూడగానే "పడవ" అంది. ఆ మాట విన్నాకే ఫారం నింపాను.

షీటు వచ్చాక స్టాంపునూ బొమ్మనూ విడదీయకుండా కలిపే అంటించండి. ఇరవై గ్రాముల లోపు ఉత్తరానికి ఐదు రూపాయలు సరిపోయాయి. డబ్బాలో వేయకుండా కౌంటర్‌లో ఇచ్చి, ముద్ర స్టాంపు మీద పడేలా, బొమ్మ మీద పడకుండా చేత్తో వేయమని అడిగాను. కౌంటర్‌లోని ఉద్యోగి మారుమాట లేకుండా జాగ్రత్తగా వేశారు. నాలుగో రోజు నాన్నగారు ఫోన్ చేసి, బొమ్మ సంగతి ఎత్తకుండానే, "ముద్ర బాగా పడిందిరా, తేదీ కూడా చదవొస్తోంది" అన్నారు.